జేజి తట్టి చూసిన తుపాకి

నా చిన్నప్పుడు మా పల్లెలో తుపాకిని ఎద్దును కొన్నట్టు కొనేవాళ్ళు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. మాది కొండ కింద పల్లె. చుట్టూ అలసంద చేలు, శనక్కాయ చేలు. పంట చేతికొచ్చే రోజుల్లో కొండ మీది నుంచి దుప్పులు మందలుగా దిగి, తిన్నంత తిని, తొక్కినంత తొక్కి పోయేవి. అందుకని ఊళ్ళో ఒకటో రెండో నాటు తుపాకులు ఉండేవి. మూతిలోంచి మందు పోసి, గుడ్డపేలిక కుక్కి, ఇనుప కడ్డీతో కూరి కాల్చే రకం. చేను మీద పడ్డ దుప్పిని కొడితే ఆ రోజుల్లో మా దిక్కున అడిగిన వాడు లేడు. మాంసం ఊరంతా వాటాలు వేసుకునేవాళ్ళు. ఆ వాటాల్లో తుపాకికి కూడా ఒక వాటా ఉండేది. తుపాకి పాలు అనేవాళ్ళు దాన్ని. కొట్టిన మనిషికి ఒక పాలు, వాడి తుపాకికి ఒక పాలు. కూతలు పెట్టి దుప్పిని తోలిన వాళ్ళకు మిగిలేది ఎముకలే.

ఇక కొనడం సంగతి. సంతలో ఎద్దును కొనేటప్పుడు మగవాళ్ళు ఒంటి మీద సుళ్ళు చూస్తారు కదా, అలాగే తుపాకి చెక్కలో సుడి ఎక్కడుందో చూసేవాళ్ళు. భుజానికి ఆనే వైపు సుడి ఉంటే ఇంటికి కలిసొస్తుందని, మూతి వైపు ఉంటే యజమానిని మింగుతుందని లెక్క. జానలు వేసి పొడుగు కొలిచేవాళ్ళు. ఇత్తడి పట్టీలు ఎలా మెరుస్తున్నాయో చూసేవాళ్ళు. చివరికి తువ్వాల కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని బేరం చేసేవాళ్ళు. ఇంతా చేసి గొట్టం సంగతి మాత్రం ఒక్కడూ అడిగేవాడు కాదు. ఎద్దు కడుపులోకి ఎవరు తొంగి చూస్తారు?

ఈ ముచ్చట ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పోయిన శుక్రవారం నాకు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు. నేను ఈ అరబ్బు దేశంలో, ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంట్లో వంట చేస్తాను. ఆ ఇంటి పిల్లలు నా చేతి అన్నం తిని పెద్దవాళ్ళై, వాళ్ళ పిల్లలకూ ఇప్పుడు నేనే వండుతున్నాను. శుక్రవారం సెలవు దొరికితే అర్దియాలో మా చెల్లెలి కొడుకు గదికి పోతాను. వాడు అక్కడ బండ్ల గ్యారేజీలో మెకానిక్కు. వచ్చే నెలలో సెలవు మీద ఇంటికి పోతున్నాడు. నేను చింతపండు నానేస్తుంటే పక్కన కూర్చుని ఫోను నా మొహం ముందు పెట్టాడు.

"పెద్దమ్మా, చూడు ఎట్ల మెరుస్తాందో. నా ఫస్టు తుపాకి. తక్కువలో వస్తాంది."

చూశాను. పొడుగాటి నాటు తుపాకి. ఇత్తడి పట్టీలు తళతళమంటున్నాయి. ఎవరిదో చెయ్యి దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూపిస్తోంది. చెయ్యే గాని మొహం లేదు. సెలవులో స్నేహితులతో కొండెక్కి దుప్పిని కొట్టాలని మావాడి ఉబలాటం.

"ఇప్పుడు దుప్పిని కొడితే జైల్లో ఏస్తారు రా. మళ్ళీ ఈ దేశానికి రానిచ్చే ఇఖామా కాగితం చేతిలో పెట్టుకుని ఆడ కూర్చుంటావా?"

"ఎవురికి తెలుస్తాది పెద్దమ్మా."

"సరే, గొట్టం దేంతో చేసినాడంట?"

"పాత జీపు స్టీరింగ్ రాడ్డంట. గట్టిదే."

"నీ గ్యారేజీలో పాత రాడ్డు తెచ్చి బండికి ఏస్తావా నువ్వు?"

"యాడన్నా ఏస్తారా! లోపల పగుళ్ళు ఉంటాయి." అన్నాక తన మాట తనకే వినబడినట్టుంది. తల గోక్కుని, "ఈ దుడ్లకు ఇదే వస్తాది గదా పెద్దమ్మా," అన్నాడు.

ఆ ఒక్క మాటకు నా ఒళ్ళు మండిపోయింది. వాడి మీద కాదు, ఆ మాట మీద. ఎందుకంటే అదే మాట, అక్షరం పొల్లు పోకుండా, మా ఇంటి ముందర నిలబడి ఒకడు మా జేజితో అన్నాడు. ఆ రోజు నా చేతిలో తాడు ఉంది.

జేజి అంటే మా నాయనకు అమ్మ. నేను నడక నేర్వకముందే నాయన పోయాడు. ఇంట్లో జేజి, అమ్మ, నేను, చిన్నాయన. నాగలి పట్టేది, బావిలో దిగి పూడు తీసేది, బస్తా మోసేది చిన్నాయన ఒక్కడే. ఆయన రెండు చేతులే మా ఇంటికి వాసాలు. అయితే ఆయనకు ఒక బాధ ఉండేది. వేటకు పోయిన ప్రతిసారీ కొండంతా కూతలు పెట్టి, గొంతు పోగొట్టుకుని, ముళ్ళతో కాళ్ళు చీరుకుపోయి, ఎముకల వాటా తెచ్చేవాడు. గడప దగ్గర దాన్ని పెట్టేసి నేరుగా బావి దగ్గరికి పోయేవాడు. తుపాకి ఉన్నవాడు మనిషి, లేనివాడు కూత, అంతేనా అని ఒకసారి అమ్మతో అన్నాడు. అందుకని రెండు పంటల నుంచి కొంచెం కొంచెం దాచుకున్నాడు. కొండ అవతల నుంచి ఒకాయన సంతకు తుపాకులు తెస్తాడని తెలిసి, మా ఇంటికి రమ్మని కబురు పెట్టాడు.

ఆయన వచ్చిన రోజు ఊళ్ళో మగవాళ్ళందరూ మా వాకిట్లోనే ఉన్నారు. గోనెపట్టా విప్పి రెండు తుపాకులు మంచం మీద పెట్టాడు. ఒకటి పొడుగాటిది, నూనె పట్టించిన చెక్క, ఇత్తడి పట్టీలు. ఇంకొకటి పొట్టిది, మసిబట్టి, అందం చందం లేనిది. పొట్టిదాని ధర పొడుగుదానికంటే ఎక్కువ చెప్పాడు. అక్కడే అనుమానం రావాలి. మా ఊరి మగవాళ్ళకు రాలేదు. వాళ్ళు పొడుగుదాని చుట్టూ మూగి సుడి వెతికారు. సుడి భుజం వైపే దొరికింది. ఇంకేం, చిన్నాయన మొహంలో దీపం వెలిగింది. పెద్దమనిషి ఒకాయన తువ్వాల తీశాడు. తువ్వాల కింద వేళ్ళు కదులుతున్నాయి.

అప్పుడు జేజి వంటింట్లోంచి బయటికి వచ్చింది. చేతికి పిండి ఉంది, తుడుచుకోలేదు. నేల మీద నుంచి గులకరాయి ఒకటి తీసుకుని, తుపాకి ముందర చతికిలబడి, గొట్టాన్ని మూతి దగ్గర నుంచి తట్టుకుంటూ వచ్చింది, కుమ్మరి దగ్గర కుండను తట్టినట్టు. మగవాళ్ళు పకపకా నవ్వారు.

"అత్తా, అది కుండ గాదు, తుపాకి!" అన్నాడు ఎదురింటి మామ.

"దానికీ కడుపు ఉండాది, దీనికీ కడుపు ఉండాది. మీరు నోరు మూస్తే దాని మాట వింటా."

నేను పక్కనే కూర్చుని విన్నాను. మూతి దగ్గర ణంగుమంది. మధ్యలోనూ ణంగుమంది. కింద, మందు కాలే చోట, సరిగ్గా మనిషి చెంప ఆనే చోట, దబ్ అంది. జేజి మళ్ళీ తట్టింది. మళ్ళీ దబ్. పొట్టిదాన్ని తట్టింది. ఆ మూల నుంచి ఈ మూల దాకా ఒకటే గొంతు.

"ఇది మాటేసిన బిందె," అంది పొడుగుదాన్ని చూపించి. బిందె చిల్లి పడితే సీసం కరిగించి మాటు వేస్తారు. నీళ్ళకు ఆగుతుంది. నిప్పుకు ఆగదు.

తుపాకులాయన మొహం ముడుచుకున్నాడు. "ఈ దుడ్లకు ఇదే వస్తాదమ్మా. ఇంకా మంచిది కావాలంటే ఇంకా మంచి దుడ్లు తెచ్చుకోవాల."

"అదే దుడ్లకు ఆ పొట్టిదాని గొట్టం ఒక్కటే ఇయ్యి. చెక్క వద్దు, ఇత్తడి వద్దు. మా వడ్లాయన తుమ్మకట్టె ఏసిస్తాడు. చూసేదానికి ఎట్లుంటే ఏం, దుప్పి వచ్చి చూసి మెచ్చుకోవాల్నా?"

నాకు ఇప్పటికీ ఆ మాటలో న్యాయమే కనబడుతుంది. డబ్బు తక్కువైతే మెరుపు తగ్గించుకోవాలి, పొడుగు తగ్గించుకోవాలి, గొట్టం మాత్రం తగ్గించుకోకూడదు. ఆయన మాత్రం నవ్వేసి, నేను అట్ల ముక్కలు ముక్కలుగా అమ్మనన్నాడు. చిన్నాయన సిగ్గుతో నేలకు చూస్తున్నాడు. ఊరి ముందర ముసలి తల్లి బేరం చెడగొడుతోందని ఆయన బాధ.

జేజి చేతి పిండి దులుపుకుంది. సరే, అంది. మెత్తబడిందనుకున్నాం అందరం. ఎండలో వచ్చినావు నాయనా, మజ్జిగ తాగి పో, అని తుపాకులాయనను ఎంతో మర్యాదగా దొడ్లోకి పిలిచింది. మేకల కొట్టం పక్కన రాతికూసం, అంటే పాతిన రాతి స్తంభం ఒకటి ఉండేది. ఆయన కాళ్ళు కడుక్కునేలోగా ఊరివాళ్ళతో పొడుగు తుపాకికి మందు కూరించి, దాన్ని ఆ కూసానికి గట్టిగా కట్టించింది, మూతి కొండ వైపు పెట్టించి. మీటకు తాడు కట్టి, ఆ తాడును గోడ చాటుకు లాగి నా చేతికి ఇచ్చింది. ఆ తర్వాత నులకమంచం తెచ్చి తుపాకి పక్కనే వేయించి, దాని మీద దుప్పటి పరిచి, కూర్చో నాయనా, అంది. ఆయన కూర్చున్నాడు. మజ్జిగ చెంబు చేతికి ఇచ్చింది. కరివేపాకు, అల్లం దంచి వేసిన మజ్జిగ. ఆయన కళ్ళు మూసుకుని ఒక గుక్క తాగాడు.

"మ్మే పాపా, చెయ్యెత్తుతా. ఎత్తంగనే లాగు," అని కేకేసింది నాకు.

ఆయన కళ్ళు తెరిచాడు. తాడు చూశాడు. తాడు వెంట చూపు తుపాకి దాకా పోయింది. "ఏందమ్మా ఇది?"

"ఏం లే నాయనా. నీ తుపాకి గొంతు ఒకసారి విందామని. నువ్వు తాగు."

జేజి చెయ్యి సగం లేచిందో లేదో, ఆ మనిషి మంచం మీద నుంచి ఎగిరి దూకాడు. చెంబు ఒక పక్క, తువ్వాల ఒక పక్క. మేకల మీద పడి, లేచి, కొట్టం అవతలికి పరుగు. దుప్పి కూడా అంత పరుగు పరిగెత్తదు. వెంట వచ్చిన మగవాళ్ళతో దొడ్డంతా నవ్వులే నవ్వులు. నేనూ నవ్వాను. జేజి నవ్వలేదు. ఆమె మొహం అంత ఎర్రబడడం నేను అంతకుముందు చూడలేదు.

"ఎందుకు లేచినావు నాయనా?"

"ఎవురైనా దూరం పోవాల గదమ్మా. కట్టి కాల్చేటప్పుడు దూరం ఉండాల. అది పద్ధతి."

"పద్ధతే. మరి మా వాడు దీన్ని చెంపకు ఆనించుకుని కాల్చాల గదా. వాని చెంప ఎంత దూరం పెట్టుకోవాల? చెప్పు. కొట్టం అవతల పెట్టుకోవాల్నా?"

అందరూ గోడ చాటుకు పోయాక జేజి చెయ్యి ఎత్తింది, నేను లాగాను. కొండ తిరిగి అరిచింది. మేకలు తాళ్ళు తెంచుకున్నాయి. తాడు నా అరచేయి కోసుకుంటూ పోయింది. పొగ తగ్గాక చూస్తే, తుపాకి చెక్కుచెదరలేదు. గొట్టం పగల్లేదు, పట్టీ ఊడలేదు. కూసానికి పెళ్ళికొడుకులాగా ఆనుకుని నిలబడి ఉంది.

ఇక చూడండి మగవాళ్ళ సంబరం. ఈలలు వేశారు. తుపాకులాయన కొట్టం అవతల నుంచి మీసం దువ్వుకుంటూ వచ్చాడు. చిన్నాయన పరుగున పోయి గొట్టాన్ని ముట్టుకుని, వేడికి చెయ్యి వెనక్కి తీసుకుని, జేజి వైపు చూశాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు.

"పగల్లేదు గదమ్మా!"

"పగల్లేదు. వాడు లేచినాడు."

అంతే అంది. ఒకసారి పగల్లేదంటే ఇంకెప్పుడూ పగలదని కాదని, అమ్మేవాడికి దాని కడుపు తెలుసని, వాడి కాళ్ళు సాక్ష్యం చెప్పాక తుపాకి సాక్ష్యం తనకు అక్కర్లేదని, ఇవన్నీ తర్వాత ఎప్పుడో నాకు అర్థమైనవి. ఆ రోజు ఎవరికీ అర్థం కాలేదు. ముసల్ది కొడుకు నోటికాడ కూడు తీసేసిందన్నారు. జేజి ముందే నిలబడి అన్నారు. చిన్నాయన తుపాకిని కూసం నుంచి విప్పి, దాని యజమాని చేతికిచ్చి, చేనికి పోయాడు. పొద్దు గుంకేదాకా రాలేదు.

ఆ తుపాకిని అక్కడికక్కడే ఎదురింటి మామ కొన్నాడు. కొనడమే కాదు, దాంతో దుప్పిని కూడా కొట్టాడు. ఒకసారి కాదు, ఆ పంట కాలమంతా. మా వీధిలోంచే తుపాకి పాలు మోసుకుపోయేవాడు. మా గడప ముందర ఆగి, "అత్తా, నీ మాటేసిన బిందెలో మాంసం పడింది, కొంచెం పెట్టమంటావా?" అని జేజిని ఎగతాళి చేసేవాడు. చెడ్డవాడు కాదు, హాస్యగాడు. జేజి తలుపు మూసుకునేది. చిన్నాయన జేజితో మాట్లాడడం మానేశాడు. గోడ వైపు తిరిగి అన్నం తినేవాడు. ఆ రోజుల్లో మా ఇంట్లో గిన్నెలు కూడా చప్పుడు చెయ్యడానికి భయపడేవి. జేజి మాత్రం ఆ వెనక్కి తిరిగిన వీపుకే రోజూ అన్నం వడ్డించేది. నెయ్యి కొంచెం ఎక్కువే వేసేది.

మరుసటి ఏడు అలసంద కాయ ముదిరేటప్పుడు, ఒక పొద్దున, చేల వైపు నుంచి చప్పుడు వినబడింది. రోజూ వినే చప్పుడు కాదు. జేజి చేతిలో గరిటె అలాగే కింద పెట్టేసి లేచింది. గొట్టం మందు కాలే చోటే చీలింది, మునక్కాయ చీలినట్టు. ఎదురింటి మామకు కుడికన్ను పోయింది, బొటనవేలు పోయింది. మనిషి బతికాడు. బతికాడని సంతోషపడాలో, నాగలి మేడి పట్టే వేలు పోయిందని ఏడవాలో తెలియక వాళ్ళింట్లో ఆడవాళ్ళు కూలబడిపోయారు.

నేను చెప్పలేదా, అన్న మాట జేజి నోట రాలేదు. ఆ ఇంటికి పోయి పొయ్యి వెలిగించింది. తర్వాతి దుక్కిలో చిన్నాయన మా చేనుతో పాటు వాళ్ళ చేను కూడా దున్నాడు. ఆ చప్పుడు విన్న రోజు సాయంత్రమే ఆయన ఇటు తిరిగి కూర్చుని అన్నం తిన్నాడు. జేజి ఇంకొంచెం వడ్డించింది, అంతే.

నాకు కోపం తెప్పించేది ఆ తర్వాతి సంగతి. ఊళ్ళో ఏమన్నారో తెలుసా? మందు ఎక్కువ కూరుంటాడులే, అన్నారు. ఇంకొకాయన, సుడి సరిగ్గా చూడలేదు, కొంచెం మూతి వైపుకే ఉండె, అన్నాడు. కన్ను పోయిన మనిషిదే తప్పట! తుపాకులాయనకు కబురు పోతే ఆయనా అదే పాట పాడాడు. మందు కొలత తెలియనివాడికి తుపాకి ఎందుకన్నాడట. పోగొట్టుకున్నవాడిదే నేరం, అమ్మినవాడు మహారాజు. లోకం అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

సంత రోజున జేజి నన్ను లేపి, తల దువ్వి, చీలిన గొట్టాన్ని పాత కోకలో చుట్టి చంకన పెట్టుకుని బయలుదేరింది. సంతలో తుపాకులాయన గోనెపట్టా పరిచి కూర్చుని ఉన్నాడు. కొత్త ఇత్తడి, కొత్త మెరుపు. జేజి తగువు పెట్టుకోలేదు. పోయి ఆయన పట్టా పక్కనే చతికిలబడి, గొట్టాన్ని ఒళ్ళో పెట్టుకుని, గులకరాయితో తట్టడం మొదలుపెట్టింది. దబ్. కొంచెం ఆగి, మళ్ళీ దబ్. బేరానికి వచ్చినవాడు ఆమె వైపు చూసేవాడు. చీలిక చూసేవాడు. ఏందవ్వా ఇది అని అడిగేవాడు.

"ఈయన దగ్గర కొన్నదే. ఒక కన్ను, ఒక వేలు తినింది. నువ్వు బేరం చేసుకో నాయనా, నేను అడ్డం రాను."

తుపాకులాయన మొదట తిట్టాడు. తర్వాత బతిమాలాడు. చివరికి జనం పోగయ్యాక అందరికీ వినబడేట్టు అరిచాడు. "నేనేం బలవంతంగా అంటగట్టినానా? వాళ్ళు తెచ్చిన దుడ్లకు అదే వస్తాది!"

అప్పుడు లేచింది జేజి. ఆమె పొట్టి మనిషి. కానీ ఆ రోజు సంతలో అందరికంటే ఎత్తుగా కనబడింది నాకు.

"తక్కువ దుడ్లు తెస్తే తక్కువ ఇయ్యి. పొట్టిది ఇయ్యి, పాతది ఇయ్యి, వికారంగా ఉండేది ఇయ్యి, లేదా లేదు పో అని చెప్పు. చెడ్డది ఇయ్యగాకు. లేనోడి కన్ను కూడా కన్నేరా నాయనా. వానికీ అదే చూపు."

ఆయన గోనెపట్టా చుట్టుకుని పోయాడు. మళ్ళీ మా సంతకు రాలేదు. ఊరి వాళ్ళు జేజిని మెచ్చుకున్నారు. జేజికి ఆ మెచ్చుకోలు రుచించలేదు. "ఇంకో సంతకు పోయింటాడు. ఆడ ఎవురు కూర్చుంటారు?" అంది ఇంటికొచ్చేటప్పుడు.

చిన్నాయన తర్వాత తెలిసిన కమ్మరి దగ్గర పాత గొట్టం ఒకటి తీసుకున్నాడు. కమ్మరిని పక్కన కూర్చోబెట్టి తాడు లాగితే ఆయన బీడీ కాల్చుకుంటూ కదలకుండా కూర్చున్నాడు. వడ్లాయన తుమ్మకట్టె వేశాడు. చూడడానికి రోకలిబండలా ఉండేది. దాంతో ఆయన కొట్టిన దుప్పులు తక్కువే. కానీ మా చిన్నాయన ముసలివాడై, రెండు కళ్ళతో, పది వేళ్ళతో పోయాడు.

ఈ దేశం వచ్చాక ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. కొత్తల్లో నేను పనిచేసే ఇంట్లో పనివాళ్ళ గదికి పాత గీజరు పెట్టారు. కొళాయి ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనేది. బాగు చేసేవాడు వచ్చి, ఏదో తిప్పి, మెయిడ్ రూముకు ఇది చాల్లే అని హిందీలో అన్నాడు. నాకు తాడు గుర్తొచ్చింది. "భాయ్, ఏక్ బార్ తుమ్ నహావో," అన్నాను. నువ్వు ఒకసారి స్నానం చేసి చూపించు అని. వాడు నవ్వాడు. కొళాయి విప్పి వాడి చెయ్యి పట్టుకుని నీళ్ళ దగ్గరికి తీసుకుపోతే విదిలించుకుని గోడకు ఆనుకున్నాడు. గుమ్మంలో నిలబడి మామా, అంటే మేం అలా పిలిచే ఇంటి యజమానురాలు, అంతా చూసింది. ఆమెకు నా మాటలు అర్థం కాకపోయినా వాడి చెయ్యి అర్థమైంది. "ఖలాస్. కొత్తది పెట్టు," అంది. ఆమె మంచిదే. ఎవరో ఒకరు తాడు లాగితే తప్ప మంచివాళ్ళకు కూడా కనబడదు, అదీ నా ఏడుపు.

శుక్రవారం నాడు మా చెల్లెలి కొడుకుకు ఇదంతా చెప్పాను. చింతపండు నీళ్ళలోనే ఉండిపోయింది. వాడు విని, "అది నీ కాలం పెద్దమ్మా," అన్నాడు. సరే, నీ కాలం పద్ధతిలోనే అడుగు అన్నాను. ఆ ఫోనులో చెయ్యి చూపిస్తున్నాడే, వాణ్ణి మొహం కనబడేట్టు, ఆ తుపాకిని చెంపకు ఆనించుకుని ఒక్కసారి కాల్చి వీడియో పంపమను. పగలకుండా కాలిస్తే నేను నోరు మూసుకుంటా. మావాడు నవ్వుకుంటూనే ఆ మాటే ఫోనులో మాట్లాడి పంపాడు.

పులుసు కాచి, ఇద్దరం కింద కూర్చుని తింటుంటే ఫోను మోగింది. వాడు ఎడమచేత్తో నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు. గది చిన్నది, అమ్మేవాడి మాట నాకూ వినబడింది. ఈ రేటుకు అవన్నీ కుదరవు బ్రో, కావాలంటే తీసుకో, లేకుంటే ఇంకోడు రెడీగా ఉండాడు.

మావాడు ఫోను బోర్లా పెట్టాడు. కలిపిన అన్నాన్నే మళ్ళీ కలిపాడు. విన్నా విననట్టే అడిగాను, ఏమంటాడురా అని.

"లేచినాడు పెద్దమ్మా," అన్నాడు.

తుపాకి వద్దు, దుప్పి వద్దు అని వాడే అన్నాడు. నేను ఇంకొంచెం అన్నం పెట్టాను. కానీ నా కోపం చల్లారలేదు. ఇంకోడు రెడీగా ఉన్నాడు అన్నాడే, ఆ ఇంకోడు ఎవరి కొడుకో. వాడి పక్కన ఎవరు కూర్చుంటారు?

తాడు కోసిన గీత నా అరచేతిలో ఇప్పుడు లేదు. వంటింటి మసి, సబ్బు నీళ్ళు దాన్ని ఎప్పుడో తినేశాయి. జేజి గులకరాయి మాత్రం పోలేదు, అది వేలి కణుపులోకి వచ్చి కూర్చుంది. ఇక్కడి జమియా దుకాణంలో గిన్నె కొనాలన్నా దాన్ని ఎత్తి, తట్టి, చెవి ఒగ్గి వింటాను. పక్కనున్న వాళ్ళు వింతగా చూస్తారు. చూడనీ. గిన్నె మాట తర్వాత వింటాను. అమ్మేవాడు దానికి ఎంత దూరంలో నిలబడ్డాడో ముందు అది చూసుకుంటాను.